యేసు నిజంగా సమాధి నుంచి లేచాడా? వాదనకు దిగేముందు మనం తెలుసుకోవలసినవి

 

ఈ వారం ప్రవచనంలో టైం చాలక సగంలో ఆపేసిన విషయం ఇది. వీడియో చూసినవాళ్లు మిగతాది ఇక్కడ చదువుకోవచ్చు. చూడనివాళ్ల కోసం మొదటి నుంచే చెబుతాను.

హిమాయత్‌నగర్‌లో మన సత్సంగానికి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు, మెట్రోలో వెళ్లొచ్చే ఉద్యోగులు. ఈస్టర్ దగ్గరపడేసరికి ఏటా ఒకటే అడుగుతారు. "గురువుగారూ, మా ఆఫీసులో ఫ్రెండ్ ఒకడు యేసు చనిపోయి మూడోరోజు లేచాడు, అది కథ కాదు చరిత్ర అంటున్నాడు. నేనేం చెప్పాలి?" అడగడంలో తప్పేం లేదండీ. అయితే "ఏం చెప్పాలి" అనే మాట వెనక చాలాసార్లు "వాడి నోరెలా మూయించాలి" అన్నది ఉంటుంది. ఫోన్లో అప్పటికే రెండు మూడు వాట్సాప్ ఫార్వర్డ్‌లు రెడీగా ఉంటాయి. వాటి సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన లిబర్టీ దగ్గర బాలాజీ గుడి నుంచి గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ దాకా, ఆబిడ్స్ సెయింట్ జార్జ్ చర్చి దాకా నడిచి వెళ్లొచ్చు. పక్కనే నారాయణగూడలో క్రైస్తవుల సమాధుల తోట ఉంది. తెలుగు క్రైస్తవులకు ఈస్టర్ అంటే సమాధుల పండుగ కూడా. ముందే సమాధులు కడిగి, సున్నాలు వేసి, ఆ తెల్లవారుజామున పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకుంటారు. మీరు సోమవారం ఆఫీసులో ఎవరితో వాదన పెట్టుకోబోతున్నారో, ఆ మనిషి ముందురోజు చీకటితోనే లేచి వాళ్లమ్మ సమాధి దగ్గర నిలబడి వచ్చి ఉండవచ్చు. మీకది డిబేట్ టాపిక్. ఆయనకది "అమ్మను మళ్లీ చూస్తానా" అన్న ప్రశ్న. ఇది తెలిసి మాట్లాడటం వేరు, తెలియక మాట్లాడటం వేరు.

సరే, అసలు వాళ్లు చెప్పేదేమిటి? మనవాళ్లలో చాలామంది ఇక్కడే తడబడతారు. "మనకూ ఉన్నాయిగా, సత్యవంతుడు బతికి రాలేదా, కచుణ్ణి శుక్రాచార్యుడు మృతసంజీవనితో బతికించలేదా" అంటారు. అవి వేరండీ. సత్యవంతుడు తిరిగొచ్చాడు, రాజ్యం చేశాడు, ఆయుష్షు తీరాక మళ్లీ వెళ్లిపోయాడు. బైబిల్లో అలాంటి కథ లాజరుది. సమాధిలోంచి బయటికి వచ్చాడు, కానీ మళ్లీ చనిపోయేవాడే. యేసు విషయంలో వాళ్లు చెప్పేది అది కాదు. ఆయన పాత బతుకులోకి తిరిగి రాలేదు, మరణాన్ని దాటి అవతలి వైపుకి వెళ్లాడు, అదీ శరీరంతో సహా, ఇక మరణం లేకుండా, అంటారు. కాబట్టి ఇది పునర్జన్మ కాదు, అశ్వత్థామ, హనుమంతులవారి వంటి చిరంజీవిత్వమూ కాదు, ఆత్మ ఒక్కటే మిగలడమూ కాదు. అందుకే తెలుగు బైబిలు "పునరుత్థానం" అనే సంస్కృత పదం పట్టుకుంది. ఉత్థానం అంటే లేవడం. మన ఉత్థాన ఏకాదశిలో ఉన్న మాటే.

ఇప్పుడు చరిత్ర సంగతి. యేసును రోమన్ అధికారి పొంతి పిలాతు కాలంలో సిలువ వేశారన్నది దాదాపు చరిత్రకారులందరూ ఒప్పుకుంటారు. సుమారు క్రీ.శ. 30 లేదా 33. ఆ తర్వాత జరిగినదానికి మన చేతిలో ఉన్న అన్నిటికన్నా పాత రాత నాలుగు సువార్తలు కాదు, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక. సుమారు 53-55 మధ్య రాసింది. అందులో 15వ అధ్యాయంలో ఒక లిస్టు ఉంటుంది. లేచిన యేసు పేతురుకు కనబడ్డాడు, పన్నెండు మందికి, ఐదు వందల మందికి పైగా ఒకేసారి, యాకోబుకు, ఆఖరికి తనకు కూడా, అని. పౌలు అంతకుముందు ఈ కొత్త గుంపును వేధించినవాడు. యాకోబు యేసు తమ్ముడు, బతికుండగా అన్నను నమ్మనివాడు. ఇలాంటివాళ్లు ఎందుకు మారారు అన్నది నిజమైన ప్రశ్నే. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి.

అదే సమయంలో అవతలి వైపు కూడా గట్టి ప్రశ్నలున్నాయి. సమాధి దగ్గరికి ఎవరు వెళ్లారు? యోహాను సువార్తలో మగ్దలేనే మరియ ఒక్కతే. మత్తయిలో ఇద్దరు, మార్కులో ముగ్గురు, లూకాలో ఇంకా ఎక్కువమంది. అక్కడ కనబడింది ఒక దూతా, ఇద్దరా? తర్వాత శిష్యులకు దర్శనం గలిలయలోనా, యెరూషలేములోనా? ఒక్కో సువార్త ఒక్కోలా చెబుతుంది. వీటిలో అన్నిటికన్నా ముందుదని పండితులనే మార్కు సువార్త, 4వ శతాబ్దపు రెండు ప్రాచీన ప్రతుల్లో, స్త్రీలు భయపడి పారిపోయి ఎవరికీ చెప్పలేదన్న చోటే ఆగిపోతుంది. దర్శనాల భాగం తర్వాత చేర్చిందని ఇవాళ చాలా బైబిళ్ల అడుగున నోట్‌లో క్రైస్తవులే అచ్చు వేస్తున్నారు. దాచలేదు. ఆ నిజాయితీని మనం గుర్తించాలి.

ఈ చర్చ ఫేస్‌బుక్‌తో పుట్టిందనుకోకండి. 2వ శతాబ్దంలోనే సెల్సస్ అనే గ్రీకు తత్త్వవేత్త అడిగాడు: నిజంగా లేస్తే, శిక్ష వేసినవాళ్ల ముందుకు, లోకమంతటి ముందుకు ఎందుకు రాలేదు, సొంత మనుషులకే ఎందుకు కనబడ్డాడు అని. సుమారు డెబ్బై ఏళ్ల తర్వాత ఓరిజెన్ ఆయనకు ఎనిమిది సంపుటాల జవాబు రాశాడు. తమాషా ఏమిటంటే సెల్సస్ పుస్తకం పోయింది, ఖండించిన ఓరిజెన్ పుస్తకంలో ఎత్తి చూపిన భాగాల వల్లే ఆయన వాదన మనదాకా వచ్చింది. చార్వాకుల గతి కూడా మన దగ్గర ఇంతే కదా, పూర్వపక్షంగానే మిగిలారు.

తర్వాత 18వ శతాబ్దంలో జర్మనీలో రైమారస్ అనే ఆచార్యుడు శిష్యులే శరీరాన్ని మాయం చేశారని రాసి, బతికున్నంతకాలం దాచిపెట్టుకున్నాడు. ఆయన పోయాక 1774 నుంచి లెస్సింగ్ దాన్ని ముక్కలు ముక్కలుగా అచ్చువేశాడు. పెద్ద గొడవ అయింది. 1835లో స్ట్రాస్ వచ్చి, అది దొంగతనమూ కాదు అద్భుతమూ కాదు, భక్తుల మనసులో పెరిగిన పురాణం అన్నాడు. ఉద్యోగం పోయింది. మన కాలంలో గెర్డ్ లూడెమన్ పేతురు దుఃఖంలో పొందిన దర్శనంతో ఇదంతా మొదలైందని 1994లో రాస్తే, ఎన్.టి. రైట్ అనే బిషప్ 2003లో పెద్ద గ్రంథమే రాసి, ఖాళీ సమాధి, దర్శనాలు రెండూ కలిస్తే తప్ప ఆ నమ్మకం పుట్టుకను వివరించలేమన్నాడు. కల్పించేవాళ్లయితే, ఆనాటి కోర్టుల్లో సాక్ష్యానికి విలువలేని స్త్రీలను మొదటి సాక్షులుగా ఎందుకు పెడతారు అని కూడా ఆ పక్షంవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న.

వీళ్లందరిలో నన్ను ఆపేసిన మనిషి మాత్రం పిన్‌కాస్ లపీడ్. ఆర్థడాక్స్ యూదు. 1977లో రాసిన పుస్తకంలో, ఆ పునరుత్థానం జరిగిందనే నేననుకుంటున్నాను అన్నాడు. అయినా క్రైస్తవుడు కాలేదు, యూదుగానే ఉండిపోయాడు. అంటే అర్థమైందా? సంఘటన జరిగిందని ఒప్పుకున్నా, దాని అర్థం ఏమిటన్నది ఇంకా తేలాల్సిన విషయమే. చరిత్ర మనల్ని ఒక గుమ్మం దాకా తీసుకెళుతుంది. కొందరు మనుషులు ఆయన్ను చూశామని మనస్ఫూర్తిగా నమ్మారు, ఆ నమ్మకంతో బతుకులు మార్చుకున్నారు. అక్కడిదాకా చరిత్ర. వాళ్లు చూసిందేమిటన్నది గుమ్మం లోపలి సంగతి.

ఇప్పుడు ఫార్వర్డ్‌లు. "యేసు సిలువ మీద చనిపోలేదు, స్పృహ తప్పాడు, కశ్మీర్ వచ్చాడు, శ్రీనగర్‌లో సమాధి ఉంది." ఇది మన హిందువుల మాట కాదని మీలో ఎంతమందికి తెలుసు? అహ్మదీయ సంప్రదాయాన్ని స్థాపించిన ఖాదియాన్ వాసి మీర్జా గులాం అహ్మద్ 1899లో ఉర్దూలో రాసిన పుస్తకంలోది. అది వాళ్ల విశ్వాసం, గౌరవిద్దాం. కానీ మనం దాన్ని ఎరువు తెచ్చుకుని మన శాస్త్రమన్నట్టు తిప్పడమేమిటి? పైగా స్పృహ తప్పాడన్న వాదాన్ని పడగొట్టింది పాస్టర్లు కాదు, నేను పైన చెప్పిన స్ట్రాస్. పునరుత్థానాన్ని నమ్మని ఆ స్ట్రాసే 1864లో అడిగాడు: ఒళ్లంతా గాయాలతో, కట్లు కట్టించుకోవలసిన స్థితిలో పాక్కుంటూ వచ్చిన మనిషిని చూసి, ఈయన మృత్యువును జయించాడని ఎవరైనా అనుకుంటారా అని. శ్రీనగర్ సమాధికి చెప్పే పేరు యూజ్ ఆసఫ్. ఆ పేరు వెనక్కి తవ్వుకుంటూ వెళితే అరబీ కథల్లోని బూదాసఫ్ వస్తుంది, దాని వెనక బోధిసత్త్వుడు! అంటే బుద్ధుడి కథ అరబ్బుల మీదుగా తిరిగి తిరిగి వచ్చిందన్నమాట. అదే కథ యూరప్ వెళ్లి జోసఫట్ అయి, క్రైస్తవ సెయింట్ల జాబితాలో కూడా చేరింది.

రెండోది భవిష్య పురాణం. శాలివాహనుడు హిమాలయాల్లో ఈశా మసీహను కలిశాడని ప్రతిసర్గ పర్వంలో ఉన్నమాట నిజమే. అదే పర్వంలో ఆదాము, నోవహు, అక్బర్, చివరికి ఆంగ్లేయుల పాలన కూడా ఉన్నాయి. చాలా ఆలస్యంగా చేరిన భాగమని పండితులు అంటారు. వ్యాసభగవానుల పేరు చెప్పి దాన్ని వాదనలో పెడితే, ఎదుటివాడికి కాస్త చదువు ఉన్నా మన చేతిలోనే పేలుతుంది.

ఇంకో సంగతి. ఎదుటివాడి సువార్తల్లో తేడాలు లెక్కపెట్టే ముందు మన ఇంట్లో చూసుకుందాం. శ్రీకృష్ణపరమాత్మ అవతారం చాలించిన తర్వాత ఆ దేహం ఏమైంది? మహాభారతం మౌసల పర్వంలో అర్జునుడు బలరామకృష్ణుల దేహాలను వెతికించి దహనసంస్కారం చేయించాడు. భాగవతం ఏకాదశ స్కంధంలో స్వామి ఆ దేహాన్ని దహించకుండానే, దానితోనే స్వధామానికి వెళ్లాడు. రెండూ వ్యాసప్రోక్తాలే. మీ ఫ్రెండ్ ఈ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి "ఏది నిజం?" అంటే? మన ఆచార్యులు సమన్వయాలు చెప్పారు, నిజమే. వాళ్లూ నాలుగు సువార్తలకు సమన్వయాలు చెబుతారు. మనకు ఒక తూకం రాయి, వాళ్లకు ఒకటి పెట్టడం ధర్మం కాదు.

మరి తేడా ఎక్కడుంది? ఇక్కడుంది. పౌలు అదే 15వ అధ్యాయంలో ధైర్యంగా ఒక పందెం కాశాడు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటనా వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అన్న భావం. అంటే మొత్తం ఒక్క ఆదివారం మీద పెట్టాడు. లెస్సింగ్‌కు గొంతులో ముల్లులా దిగింది ఇదే. ఎప్పుడో ఎక్కడో జరిగిన సంఘటన, నిత్యమైన సత్యానికి రుజువు ఎలా అవుతుంది, మధ్యలో దాటలేని కందకం ఉంది కదా అన్నాడు. ఈ ప్రశ్న అడిగినవాడు యూరప్‌వాడు, కానీ మన ఇంటి గొంతులా వినిపిస్తుంది. వేదం అపౌరుషేయం అన్నప్పుడు మన పూర్వులు చెప్పింది అదే. సత్యం ఒక మనిషి చరిత్ర మీద, ఒక తారీఖు మీద ఆధారపడదు. గాంధీగారు 1931లో లండన్ నుంచి తిరిగొస్తూ ఓడలో క్రిస్మస్ రోజున మాట్లాడుతూ, యేసు అనే మనిషే లేడని ఎవరైనా నిరూపించినా కొండమీది ప్రసంగం నాకు నిజంగానే ఉంటుందన్నారు. వివేకానందులవారు 1893 ఫిబ్రవరిలో మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడి, ఆ ఏడే అమెరికా వెళ్లారు. 1897లో తిరుగు ప్రయాణంలో ఓడ క్రీట్ దీవి దగ్గర ఉండగా వచ్చిన ఒక కలతో యేసు చారిత్రకత మీదే ఆయనకు అనుమానం కలిగింది. నివేదిత రాసిన పుస్తకంలో ఉంది ఇది. ఆ అనుమానం ఉంటూనే యేసు మీద ప్రేమ రవ్వంత తగ్గలేదనీ ఆవిడే రాశారు.

ఒక క్రైస్తవుడికి ఈ జవాబు నచ్చదు. "నువ్వు బోధ తీసుకుని మనిషిని వదిలేస్తున్నావు" అంటాడు. ఆయన దృష్టిలో అది న్యాయమైన అభ్యంతరమే. దేవుడు నిజంగా చరిత్రలో చెయ్యి పెట్టాడా లేదా అన్నదే ఆయనకు ముఖ్యం. ఇక్కడ మనం గొప్పలకు పోకుండా ఉంటే మంచిది. ఎందుకంటే ఈమధ్య మనవాళ్లు కూడా అదే పందెం కాస్తున్నారు. "నాసా ఫోటోతో రామసేతు ప్రూవ్ అయింది, కాబట్టి రాముడు నిజం" అనే పోస్టులు చూస్తున్నాం. ఆ ఫోటోల వల్ల ఎవరు కట్టారన్నది తేలదని నాసా వాళ్లే చెప్పారు. రేపు ఇంకెవడో ఇంకో ఫోటో తెచ్చి కాదంటే? మీ రాముడు శాటిలైట్ ఫోటో మీద నిలబడ్డాడా? పౌలు కనీసం తెలిసి పందెం కాశాడు. మనం తెలియకుండా కాస్తున్నాం.

ఇక నాకు ఇష్టమైన చోటికి వద్దాం. పౌలు ఆ అధ్యాయంలోనే ఒక పోలిక తెస్తాడు. గింజ భూమిలో పడుతుంది, చస్తుంది, వేరే రూపంతో మొలుస్తుంది. ఈ ప్రకృతి సంబంధమైన శరీరం విత్తనం, లేచేది ఆత్మసంబంధమైన శరీరం, అని. ఇప్పుడు కఠోపనిషత్తు తెరవండి. తండ్రి కోపంలో "నిన్ను మృత్యువుకిస్తాను" అంటే, పిల్లవాడు నచికేతుడు తండ్రికే ధైర్యం చెబుతాడు. మనిషి పైరులా పండుతాడు, పైరులా మళ్లీ పుడతాడు అని. అదే గింజ! ఒకరు పల్లెల్లో పొలాలు చూసిన ఋషి, ఒకరు నగరాలు తిరిగిన యూదు పండితుడు, మృత్యువు ముందు ఇద్దరికీ గింజే గుర్తొచ్చింది.

కానీ దిక్కు వేరు. పౌలుకు ఆ మొలక ఒక్కసారి జరిగేది, అదే ఆశ. నచికేతుడికి ఆ మొలక మళ్లీ మళ్లీ జరిగేది, అదే సమస్య. పండటం, రాలడం, మొలవడం, ఈ చక్రంలోంచి బయటపడే దారేదైనా ఉందా అని ఆ పిల్లవాడు యముడి గుమ్మం ముందు మూడు రాత్రులు ఉపవాసం కూర్చున్నాడు. చనిపోయినవాడు ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటున్నారు, నాకు నిజం చెప్పు అన్నాడు. యముడు ఏనుగులిస్తానన్నాడు, బంగారమిస్తానన్నాడు, దీర్ఘాయువిస్తానన్నాడు. ఈ ప్రశ్నొక్కటి అడగొద్దు, దేవతలకే అనుమానముంది అన్నాడు. యముడే తప్పించుకోవాలని చూసిన ప్రశ్నకు మనం లంచ్ బ్రేక్‌లో స్క్రీన్‌షాట్‌తో జవాబు చెప్పేస్తున్నామండీ.

చివరగా ఒక తెలుగాయన గురించి చెప్పాలి, మనవాళ్లకు అసలు తెలియని పేరు. పాండిపెద్ది చెంచయ్య గారు. 1886లో నెల్లూరులో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే ఇల్లు క్రైస్తవంలోకి వెళ్లింది. మద్రాసులో లాయరు, పుదుక్కోట సంస్థానంలో చీఫ్ జడ్జి. 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగినప్పుడు, హెండ్రిక్ క్రేమర్ అనే డచ్ పండితుడు క్రైస్తవానికీ మిగతా మతాలకూ మధ్య వంతెన లేదన్న ధోరణిలో పుస్తకం తెచ్చాడు. చెంచయ్యగారు, ఆయన మిత్రులు ఒప్పుకోలేదు. భారతదేశంలో క్రైస్తవాన్ని మళ్లీ ఆలోచించాలంటూ సొంతంగా పుస్తకం వేశారు. చెంచయ్యగారి దృష్టిలో పునరుత్థానం కోర్టులో సాక్ష్యాలతో గెలవాల్సిన కేసు కాదు. జడ్జిగా పనిచేసిన మనిషి ఈ మాటకు రావడం చూడండి! సృష్టిలో ఒక కొత్త రకం మనిషి మొదలయ్యాడు, ఆ శక్తి మనలో కూడా పనిచేసి మనల్ని అలా మార్చాలి, మారకపోతే నమ్మి ఏం లాభం అన్నది ఆయన ధోరణి.

ఈ ఆలోచనలకు ఆయన ఎవరి దగ్గర ఊపిరి తీసుకున్నారనుకుంటున్నారు? ఒకరు శ్రీ అరవిందులు. ఇంకొకరు కుంభకోణంలో ఉన్న మన తెలుగువారే, మాస్టర్ సి.వి.వి. గారు. 1910లో ఆయన మొదలుపెట్టిన యోగం ఆశయం ఈ శరీరాన్నే మార్చి మృత్యువును దాటించడం. ఆయన 1922లో దేహం విడిచినా సాధన ఆగలేదు. మీలో కొందరి ఇళ్లలో తాతగారో, పెద్దమ్మో పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి అన్నీ వదిలేసి కళ్లు మూసుకుని కూర్చుని "మాస్టర్ సి.వి.వి. నమస్కారం" అనడం చూసే ఉంటారు. అవును, ఆయనే. ఒక క్రైస్తవ జడ్జిగారు ఈస్టర్‌ను అర్థం చేసుకోవడానికి మీ తాతగారి ప్రార్థన వైపు చూశారు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆరు గంటల ప్రార్థనలో ఏం జరుగుతుందని తాతగారిని అడగండి. మీ ఫ్రెండ్‌ను, ఆ తెల్లవారుజామున సమాధుల తోటలో ఏం పాడుకుంటారని అడగండి.

వచ్చే శనివారం నుంచి కఠోపనిషత్తు ప్రథమాధ్యాయం, ప్రథమ వల్లి మొదలుపెడుతున్నాం. దోమలగూడ రామకృష్ణ మఠం బుక్‌షాపులో తెలుగు తాత్పర్యంతో దొరికే పుస్తకం తెచ్చుకుంటే చాలు. మొదటిరోజు నచికేతుడి తండ్రి వాజశ్రవసుడు, ఆయన దానం చేసిన ఆ ముసలి ఆవులు. మూడు రాత్రుల ఉపవాసం రెండోరోజు.

శ్రీకృష్ణార్పణమస్తు.